ఇరవై రెండు గ్లాసుల మంచినీళ్లు

ఈ ప్రయాణాలకు మూలం నా బీపీ మాత్ర. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఒకరోజు పొద్దున మాత్ర మింగబోతూ, కళ్లజోడు ఎలాగూ పెట్టుకుని ఉన్నాను కదా అని అట్ట వెనక చిన్నక్షరాలు చదివాను. తయారైన చోటు మెదక్ జిల్లా అని ఉంది. ఆరేళ్లుగా రోజూ నా కడుపులోకి వెళుతున్న వస్తువు మా ఇంటికి నలభై, యాభై కిలోమీటర్ల దూరంలో పుడుతోందని అప్పటిదాకా నాకు తెలియదు. గ్రంథాలయంలో పాతికేళ్లు పనిచేసినదాన్ని, ఏ పుస్తకం ఏ అరలో ఉందో నిద్రలో లేపినా చెబుతాను, ఇంత దగ్గరి సంగతి తెలియకపోవడం నామోషీగా అనిపించింది. ఆదివారాలు మిత్రుల్ని వెంటేసుకుని హైదరాబాద్ చుట్టుపక్కల కోటలూ సమాధులూ తిరిగే పిచ్చి నాకు ముందునుంచే ఉంది. నవాబులు ఎక్కడ నిద్రపోతున్నారో చూసొచ్చినవాళ్లం, మన మందు ఎక్కడ పుడుతోందో చూడలేమా అనుకుని బయల్దేరాం.

మొదటిసారి ముగ్గురమే వెళ్లాం. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా మనిషి మమ్మల్ని కింది నుంచి పైదాకా చూసి, "మాత్రలు కావాలంటే మెడికల్ షాపుకు పోన్రి" అన్నాడు. అతని తప్పేం లేదు. గోడ పట్టుకుని ఫ్యాక్టరీ వెనకవైపుకు నడుస్తూ పోతే వాగు కనిపించింది, వాగు పట్టుకుని పోతే ఓ ఊరు వచ్చింది. అక్కడే కొమురయ్య, సత్తెమ్మ దంపతులు పరిచయమయ్యారు. ఒకప్పుడు వాగు నీళ్లతో రెండు పంటలు వరి పండించిన కొమురయ్య ఇప్పుడు ఓ ఫ్యాక్టరీలో తోటమాలి. మాకు వాగు చూపించాడు. సత్తెమ్మ అన్నం పెట్టింది. నగరానికి తిరిగొచ్చి నేను ఊరుకుంటానా? కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. రెండోసారి ఏడుగురు, మూడోసారి పదకొండు, నాలుగోసారి పదహారు. ఈ ఐదోసారి ఇరవై రెండు మంది. ప్రతిసారీ నోటు పుస్తకంలో ఆ అంకె రాసుకుని, పరీక్షలో మార్కులొచ్చిన పిల్లలా మురిసిపోయేదాన్ని. పర్యటన గొప్పగా జరిగిందనడానికి అంతకన్నా కొలత ఏముంటుంది అనుకునే రోజులవి.

ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది.

ఏప్రిల్ మొదటి ఆదివారం, పొద్దున ఆరున్నరకు కోఠిలో 218 నంబరు బస్సు ఎక్కాం. పటాన్‌చెరుకు టికెట్ పదమూడు రూపాయలు, గంటన్నర ప్రయాణం. ఆదివారం కాబట్టి అంతే, మామూలు రోజుల్లో ఇంకో అరగంట కలుపుకోండి. కొత్తవాళ్లకు ముందురోజే ఫోన్లో జాగ్రత్తలు చెప్పి ఉంచాను. టోపీ మరవొద్దు, మెత్తని చెప్పులు వేసుకోండి, తలా రెండు సీసాల నీళ్లు తెచ్చుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటి నేనే తయారుచేశాను, దాన్ని బస్సులో దారి పొడవునా చెబుతూ వచ్చాను. "ఎవరింటికి వెళ్లినా ముందు మంచినీళ్లిస్తారు. మీ దగ్గర సీసాలున్నాయని వద్దనకండి. మా ఇంటి నీళ్లు తాగడానికి భయపడుతున్నారని వాళ్లు బాధపడతారు." మొదటిసారి నేను వద్దన్నప్పుడు సత్తెమ్మ మొహం చిన్నబోయింది, ఆ పాఠం అక్కడే నేర్చుకున్నాను. మంచి నియమం కనిపెట్టానని లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

పటాన్‌చెరు బస్టాండు ఎదురుగా హోటల్లో పూరీ తిన్నాం. ప్లేటు పది రూపాయలు, చాయ్ మూడు. పక్క బల్ల మీద రాత్రి షిఫ్టు దిగిన కుర్రాళ్లు హిందీలో కబుర్లు చెప్పుకుంటూ సగం నిద్రలో తింటున్నారు. బయట ఖాజా భాయ్ తన సెవెన్ సీటర్‌తో పాటు ఇంకో రెండు ఆటోలు తెచ్చి పెట్టాడు. రానూ పోనూ ఒక్కో ఆటోకు మూడు వందలు. మొదటి ప్రయాణం నుంచీ మాకు అతనే దిక్కు.

"ఏంది మేడం, ఇయ్యాల పూరా ఫౌజ్ తోటి వచ్చిన్రు!" అన్నాడు నవ్వుతూ.

"ఇరవై రెండు మంది భాయ్!" అన్నాను. నా గొంతులో గొప్ప నాకే వినిపించింది.

అతను తల గోక్కున్నాడు. "మంచిదే గాని మేడం, ఊర్లెకు నీళ్ల టాంకర్ వస్తలేదు. బుధవారం సంది నాకైతే కనబడలే. ఇంజన్ ఖరాబైందంటున్నరు. జెర పరేషాన్లనే ఉన్నరు ఆడ."

"అయ్యో, పాపం" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ వెంటనే మూడో ఆటోలో ఎనిమిదో మనిషి ఎక్కిందా లేదా అని చూడ్డానికి పరుగెత్తాను.

ఊరికి గడ్డపోతారం ఫ్యాక్టరీల మీదుగా ఆటోలో ముప్పావుగంట పడుతుంది. దారి చూడ్డం కన్నా వాసన చూడ్డమే ఎక్కువ. ఖాజా భాయ్‌కి రోడ్డంతా వాసనతోనే కంఠతా వచ్చు. "గీడ కుళ్లిన గుడ్డు. ఆ మలుపు కాడ దవాఖాన వాసన. గడ్డపోతారం దాటినంక ఏం వాసనుండదు మేడం."

"గాలి బాగుంటుందా అక్కడ?"

"గాలి గదే. ముక్కు మొద్దుబారుతది."

వాగు దగ్గరికి చేరేసరికి తొమ్మిదిన్నర. కొమురయ్య తుండుగుడ్డ తలకు చుట్టుకుని మా కోసం ఒడ్డున నిలబడి ఉన్నాడు. నీళ్లు టీ డికాషన్ రంగులో ఉన్నాయి. రాళ్లకు తగిలినచోట నురగ లేచి గాలికి పొలంలోకి ఎగురుతోంది. తన నాలుగెకరాలు చూపించి, "వరి మంచిగనే లేస్తది. పొట్టకు గూడ వస్తది. గింజ పట్టది అమ్మా, అంత తాలే" అన్నాడు. ఇప్పుడు చేసే పని గురించి ఎవరో అడిగితే, "లాన్‌కు నీళ్లు పడ్త. ఆడ గడ్డికి మంచి నీళ్లే పోస్తరు" అని ఊరుకున్నాడు. ఆ మాటలో కోపం ఉందేమోనని వెతికాను, కనబడలేదు. కనబడకపోయేసరికి నాకే కోపం వచ్చింది.

ఆ రోజు అతని మనసు వేరేచోట ఉంది. కూతురు లావణ్య పురిటికి వచ్చింది, ఆడపిల్ల పుట్టి రెండు నెలలైంది. ఐదో నెల వచ్చేదాకా తల్లీబిడ్డల్ని ఉంచుకోవాలని సత్తెమ్మ ఆశ. అల్లుడికి మాత్రం ఈ ఊరి నీళ్లంటే భయం. బోరు నీళ్లు పోస్తే పసిదాని ఒళ్లంతా దద్దుర్లు లేస్తున్నాయి, టాంకర్ నీళ్లు పోసినన్నాళ్లూ ఏం లేదు. "ఇయ్యాల సాయంత్రం అల్లుడొస్తుండు. మళ్ల దద్దులు కనబడితే తోల్కపోత అన్నడు. సత్తెమ్మ రెండు దినాల సంది అన్నం సక్కగ తింటలేదు" అన్నాడు. నేను తల ఊపి, పాపకు కొన్న గౌను సంచిలో ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

అప్పుడే మా వసుధ ఒక పని చేసింది. వసుధ నా చిన్ననాటి స్నేహితురాలు, ఆ మధ్యే కొన్న డిజిటల్ కెమెరాతో దొరికిన ప్రతిదాన్నీ ఫొటో తీస్తోంది. ఈ నీళ్లు ఇంటికి తీసుకెళ్లి అందరికీ చూపిస్తానంటూ తన నీళ్ల సీసా మూత తీసి, మిగిలిన నీళ్లు ఒడ్డున పారబోసి, వాగులో ముంచింది. కొమురయ్య చెయ్యి కొంచెం ముందుకు చాచాడు.

"అమ్మా, జెర..."

"ఏంటన్నా?" అన్నాను.

"ఏం లేదు, తియ్యి" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వసుధను చూసి మిగతావాళ్లూ సీసాలు వంచారు. నేనే ఎగదోశాను కూడా, "తీసుకెళ్లండి, చూసినవాళ్లకు తెలుస్తుంది" అని. ఇరవై రెండు మందిమి, ఇంచుమించు నలభై సీసాలు. ఎండిన గట్టు మీద మంచినీళ్లు పడి, ఆ వాసనల మధ్య కాసేపు తడి మట్టి వాసన వచ్చింది. "ఆహా, ఎంత బాగుందో" అని గట్టిగా పీల్చాను. ఇది రాయకుండా వదిలేద్దామని చాలాసేపు కూర్చున్నాను, కానీ జరిగింది అదే.

పదకొండున్నరకు సత్తెమ్మ ఇంటికి చేరాం. అరుగు మీద చాపలు పరిచి ఉన్నాయి. కూర్చున్నామో లేదో, చెంబూ గ్లాసులూ పట్టుకుని సత్తెమ్మ వచ్చింది. మనిషి సన్నగా ఉంటుంది, నడకలో హడావుడి ఎక్కువ. "ఎండన వడి వచ్చిన్రు, దూప గొని ఉంటరు, తాగుండ్రి" అంటూ ఒక్కొక్కరికీ ఇచ్చింది. ఉన్నవి ఎనిమిది గ్లాసులు. ఒకరు తాగగానే గ్లాసు కడిగి ఇంకొకరికి. నా నియమం అక్షరాలా పాటించారు మావాళ్లు, ఒక్కరూ వద్దనలేదు. నేను వాళ్లను మెచ్చుకోలుగా చూస్తున్నాను. కొందరు మర్యాదకు రెండు గుక్కలు తాగి, మొక్కకైనా పనికొస్తాయని మిగతావి కరివేపాకు చెట్టు మొదట్లో పోశారు.

తరువాత భోజనం. జొన్నరొట్టెలు, పప్పు, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం. తలకు ముప్పై రూపాయలని మొదటిసారే మాట్లాడుకున్నాం. పచ్చిపులుసు నేను మూడుసార్లు పోయించుకున్నాను. చేతులు కడుక్కోవడానికి వాకిట్లో ఒక బిందె పెట్టింది. ఇరవై రెండు జతల చేతులు. బిందె ఖాళీ అయితే పక్కింటావిడ ఇంకోటి తెచ్చి మాటా పలుకూ లేకుండా పెట్టి వెళ్లింది.

తిన్నాక పాపను చూద్దామని గౌను పట్టుకుని లోపలికి వెళ్లాను. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. లావణ్య తడిగుడ్డతో మెడ తుడుస్తోంది. మెడ మడతల్లో, మోచేతి దగ్గర చెమట పట్టి ఎర్రగా ఉంది.

"స్నానం చేయించలేదా తల్లీ? ఎండలు కదా, చిరాకు పడుతోంది."

లావణ్య తుడుస్తూనే ఉంది. ఆమె వెనక గోడవారగా ఆరు బిందెలు వరుసగా బోర్లించి ఉన్నాయి. మూలన ఉన్న నీళ్ల గోలెం మూత నేనే ఎత్తి చూశాను. నా అలవాటు, ఎవరింట్లో ఏముందో చూడకుండా ఉండలేను. అడుగున ఒక చెంబుకు కూడా సరిపడా నీళ్లు లేవు. అప్పుడు గుర్తొచ్చింది, ఖాజా భాయ్ చెప్పింది.

"పొద్దుగాల ఉండె మేడం" అంది లావణ్య మెల్లగా. "రెండు బిందెలు పిల్ల కోసమని అమ్మ మూడు దినాల సంది దాచింది. మీరు తిన్నంక స్నానం పోస్తనన్నది. మీరు ఎక్కువ మంది వచ్చిన్రు. సాలకపోతే ఆ ఇంట్ల ఓ బిందె, ఈ ఇంట్ల ఓ బిందె అడుక్కొచ్చింది."

సత్తెమ్మ గుమ్మంలోకి వచ్చింది. నా చేతిలో గోలెం మూత ఉంది. దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు నిలబడ్డాను.

"ఎందుకు చెప్పలేదు సత్తెమ్మా? నీళ్లు లేవని ఒక్క మాటంటే సరిపోయేది కదా!" గొంతు పెంచాను. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది, అదో జబ్బు.

"అట్లెట్ల అంటమక్కా? ఇంటికొచ్చినోళ్లను దూప తోటి పంపుతరా ఎవలన్న? ఊరి ఇజ్జత్ పోదా?" అంది. నిష్ఠూరం లేదు, నేనే ఏదో తెలివితక్కువగా అడిగినట్టు చూసింది.

"మరి పాప?"

పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ పాప మెడ వైపు చూసింది. "బోరు నీళ్లే పోస్త ఇగ. దేవుడున్నడు" అంది.

బయటికి పరుగెత్తాను. "సీసాల్లో నీళ్లున్నవాళ్లు ఇటివ్వండి, త్వరగా!" అని అరిచాను. ఎవరూ కదలలేదు. నలభై సీసాలు అరుగు మీద ఎండలో వరుసగా ఉన్నాయి, అన్నిట్లోనూ డికాషన్ రంగు నీళ్లే. వసుధ తన సీసా వైపు చూసింది, నా వైపు చూసింది. నగరం నుంచి అంత దూరం మోసుకొచ్చిన మంచినీళ్లు ఈ ఊరి వాగు గట్టు మీద పోసి, ఈ ఊరి గోలెం ఖాళీ చేశాం. కొమురయ్య చెయ్యి ఎందుకు చాచాడో నాకప్పుడు అర్థమైంది, ఏడుపు ఆగలేదు.

ఖాజా భాయ్ అప్పటికే ఆటో స్టార్ట్ చేశాడు. "ఏడుసుడు తర్వాత మేడం, జల్దీ ఎక్కున్రి" అన్నాడు. గడ్డపోతారం దగ్గర కార్మికుల కోసం నీళ్ల డబ్బాలు అమ్మే దుకాణం ఉంది. ఇరవై లీటర్ల డబ్బా పాతిక రూపాయలు. ఏడే దొరికాయి, ఏడూ ఎక్కించాం. వసుధ ఒళ్లో ఒక డబ్బా పెట్టుకుని గతుకుల్లో దాన్ని రెండు చేతులతో పట్టుకుంది, కెమెరా ఎక్కడో సంచి అడుగున ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి మూడు దాటింది. అల్లుడు ఐదింటికి వస్తాడు.

నాలుగు డబ్బాలు బిందెలు ఇచ్చిన ఇళ్లకు పంపించింది సత్తెమ్మ, అది మొదట చేసిన పని. మూడు డబ్బాలు గోలెంలో పోశాం. పాపకు స్నానం జరిగింది. సత్తెమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, కాళ్ల మీద పాపను బోర్లా పడుకోబెట్టి, నీళ్లు చెంబుతో కాదు, చేత్తో పట్టి పట్టి పోసింది. కారిన నీళ్లు పళ్లెంలోకి చేరితే వాటితో తన కాళ్లు కడుక్కుంది. అంత పొదుపుగా స్నానం చేయించడం నేనెక్కడా చూడలేదు. సాంబ్రాణి పొగ వేసేసరికి పాప నిద్రపోయింది.

అప్పుడు లేచి, అదే గోలెంలో చెంబు ముంచి, గ్లాసులో పోసి నా ముందు పెట్టింది.

"నాకొద్దు సత్తెమ్మా. పాపకు ఉంచు" అన్నాను.

"ఎండన వడి పోయొచ్చినవ్, దూప గాలేదా? తాగు."

"ఇవి మేం తెచ్చిన నీళ్లే కదా..."

"మీరు తెచ్చినా నా గోలెంల వడ్డయ్, నా చెయ్యితోటి ఇస్తున్న. నా ఇంటి నీళ్లే" అంది. ఈసారి గొంతులో మొండితనం ఉంది. గ్లాసు తీసుకుని చివరి చుక్కదాకా తాగాను. ఖాజా భాయ్ కూడా తాగాడు, వసుధా తాగింది. ఒక్క చుక్క కరివేపాకు చెట్టుకు పోలేదు.

ఐదుంబావుకు అల్లుడి మోటారు సైకిల్ వచ్చింది. అతను ఇరవై రెండు మందిని చూసి కాస్త బెదిరాడు. లోపలికి వెళ్లి పాపను ఎత్తుకుని వెలుతురులోకి తెచ్చాడు. మెడ మడతలు వేలితో విప్పి చూశాడు, మోచేతులు చూశాడు, వీపు తిప్పి చూశాడు. మధ్యాహ్నం నేను చూసిన ఎరుపు చాలావరకు తగ్గింది. సత్తెమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"వచ్చే ఆదివారం దాకా ఉండనియ్ అత్తమ్మా. తర్వాత సూద్దాం" అన్నాడు.

సత్తెమ్మ లోపలికి వెళ్లింది. వెంటనే చెంబూ గ్లాసూ పట్టుకుని అల్లుడికి నీళ్లు తెచ్చింది.

తిరుగుదారిలో వాగు దగ్గర ఆటోలు ఆపించి, మావాళ్లు సీసాలు మళ్లీ వాగులోనే వంచారు. వసుధ ఒక్కటి ఉంచుకుంది, ఇంట్లో కెమెరా పక్కన పెట్టుకుందట. అక్కడిదాకా మాతో ఆటోలో వచ్చిన కొమురయ్యను అడిగాను, "అన్నా, మేం ఇక రాకపోతే నయమా?" అని. "రాకపోతే మమ్మల్ని ఎవలు సూస్తరు? రాండ్రి. మా వాగు నీళ్లే ముంచి మీకిచ్చే దినమొకటి రావాలె. ఆ దినం ఎంతమంది వచ్చినా వద్దనం" అన్నాడు.

ఆ రాత్రి నోటు పుస్తకం తెరిచాను గానీ ఇరవై రెండు అని రాయబుద్ధి కాలేదు. ఎంతమందిని తీసుకెళ్లాను అన్నది నా కొలత. మేం వెళ్లాక ఆ గోలెంలో ఎంత మిగిలింది అన్నది సత్తెమ్మ కొలత. కోటలకు వెళ్లినప్పుడు ఈ ఆలోచన ఎందుకు రాలేదంటే, అక్కడ మనకు నీళ్లిచ్చేవాళ్లు ఎవరూ లేరు. మనుషులున్న చోటికి వెళితే మనం చూసేది సగమే, వాళ్లు మన కోసం ఖర్చు పెట్టుకునేది మిగతా సగం, అది మనకు కనబడకుండా దాచడమే వాళ్ల మర్యాద. తరువాతి నెల ఐదుగురమే వెళ్లాం. ముందు డబ్బాలు మోసుకెళ్లి గోలెం నింపి, అప్పుడు అరుగు మీద కూర్చున్నాం. పాప అప్పటికీ అమ్మమ్మ ఇంట్లోనే ఉంది, బోర్లా పడడం నేర్చుకుంటోంది. ఆ ప్రయాణానికి ఎక్కువ మార్కులు వేసుకున్నాను. పూర్తి మార్కులు మాత్రం కొమురయ్య చెప్పిన దినానికే అట్టిపెట్టాను.

ఇటువైపు ఏ ఊరికి వెళ్లాలనుకున్నా ఒకే సలహా: తలా ఐదు లీటర్ల మంచినీళ్లు వేరుగా తీసుకెళ్లండి, ఇంట్లో అడుగు పెట్టగానే వాళ్ల గోలెంలో పోయండి. ఆ తరువాత ఆ ఇంటి ఇల్లాలు గ్లాసుతో వస్తుంది. వద్దనకండి. అడుగుదాకా తాగండి.